నెలలు నిండని బిడ్డని తల్లి ముట్టుకోకూడదా? అపోహలు - వాస్తవాలు

నేను ఎన్ఐసీయూలో, అంటే అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూలో నర్సుని. కిలో, కిలోన్నర బిడ్డ అడ్మిట్ అయిన రోజు బంధువులు ముందుగా అనే మాట ఇదే: "సిస్టర్, బాక్స్‌లోనే ఉంచండి, వాళ్ళమ్మని దగ్గరికి రానివ్వకండి, ఇన్ఫెక్షన్ వస్తుందట". ఎవరు చెప్పారమ్మా అంటే ఎవరో చెప్పారంటారు. అన్ని అపోహల్లోకీ బిడ్డలకి ఎక్కువ నష్టం చేసేది ఇదే, అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నా.

అపోహ: బరువు పెరిగి, పరిస్థితి కుదుటపడ్డాకే తల్లి ఎత్తుకోవాలి.

వాస్తవం: పుట్టిన వెంటనే మొదలుపెట్టాలి. ఘనా, ఇండియా, మలావి, నైజీరియా, టాంజానియాల్లో అయిదు ఆసుపత్రుల్లో చేసిన స్టడీ 2021లో వచ్చింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల్ని కొందరిని పుట్టగానే కంగారూ మదర్ కేర్‌లో, అంటే తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా పెట్టారు, మిగతావాళ్ళని మామూలు పద్ధతిలో, అంటే స్టేబుల్ అయ్యాక. మొదటి 28 రోజుల్లో మరణాలు రెండో గుంపులో 15.7 శాతం, వెంటనే పెట్టిన గుంపులో 12 శాతం. తేడా ఎంత స్పష్టంగా కనిపించిందంటే స్టడీని మధ్యలోనే ఆపేశారు, ఇంకా కొందరు బిడ్డల్ని తల్లికి దూరంగా ఉంచడం న్యాయం కాదని. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే చెప్పింది, రోజుకి 8 నుంచి 24 గంటలు, ఎంత ఎక్కువసేపైతే అంత మంచిదని.

ఇన్ఫెక్షన్ భయం నాకు అర్థమవుతుంది, కానీ ఆలోచించండి, మందులకి లొంగని మొండి క్రిములు ఉండేది ఆసుపత్రుల్లో, తల్లి ఒంటి మీద ఉండేవి చాలావరకు బిడ్డకి మేలు చేసేవే. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, జలుబూ దగ్గూ లేకుండా వస్తే చాలు. ఇక వేడి సంగతి, ఇంత చిన్న బిడ్డకి చర్మం పల్చన, లోపల కొవ్వు ఉండదు, ఒళ్ళు చల్లబడిందంటే షుగర్ పడిపోతుంది, ఊపిరి ఇబ్బంది అవుతుంది. తల్లి ఛాతీ ఆ వేడిని గంటల తరబడి ఇస్తుంది, పైగా పాలు కూడా బాగా పడతాయి.

సీప్యాప్ (ముక్కులోంచి గాలి ఒత్తిడితో ఊపిరికి సాయం చేసే మెషిన్) మీదున్న బిడ్డని కూడా పెట్టొచ్చు, గొట్టాలు చూసుకోవడం మా పని. వెంటిలేటర్ మీద ఉన్నా, షాక్‌లో (ఒంటికి రక్తప్రసరణ సరిగా అందని స్థితిలో) ఉన్నా మాత్రం ఆగాలి, ఎప్పుడు మొదలుపెట్టొచ్చో డాక్టర్ చెప్తారు.

తల్లికి బీపీ ఎక్కువై ఐసీయూలో ఉంటే తండ్రి చెయ్యొచ్చు. అలా ఒకాయన వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయి, "సిస్టర్, నా ఛాతీ మీద వెంట్రుకలున్నాయి, పాపకి గుచ్చుకోవా?" అని అడిగాడు. ఏమీ కాదు అన్నా. వెనక నుంచి ఆయన తల్లి "మగాడు వేడేం ఇస్తాడు" అంటోంది. కుర్చీలో వెనక్కి వాల్చి కూర్చోబెట్టి, పాపకి టోపీ, సాక్సు, డైపరు మాత్రం ఉంచి, కాళ్ళు కప్పలా మడిచి, ముక్కు మూసుకుపోకుండా తల పక్కకి తిప్పి, గుడ్డతో కట్టాను. అప్పటిదాకా 89, 90 దగ్గర ఊగుతున్న సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) అరగంటకి 93 దగ్గర నిలబడింది. ఆయన మాత్రం కదిలితే ఏమవుతుందోనని భుజాలు బిగబట్టి కూర్చున్నాడు, వాళ్ళమ్మ లోపలికొచ్చి "ఊపిరి పీల్చుకోరా" అనేదాకా.

మిగతావి గబగబా చెప్పేస్తా.

ముర్రుపాలు అరగవు, డబ్బా పాలతో త్వరగా బరువు పెరుగుతారు అనేది తప్పు. వీళ్ళకి డబ్బా పాలతో పేగులు కుళ్ళే జబ్బు ముప్పు పెరుగుతుంది. అర ఎంఎల్ వచ్చినా పిండి ఇవ్వండి, పారబోయకండి.

మొదటి వారం బరువు తగ్గిందని కంగారు పడొద్దు, పుట్టిన బరువులో పదో వంతు దాకా తగ్గడం మామూలే.

ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అంటారు. దయచేసి ఈ మాట బాలింత ముందు అనకండి. కడుపులో ఒక్కో వారం గడిచేకొద్దీ బతికే అవకాశం పెరుగుతుందే కానీ తగ్గదు.

నెలలు నిండకముందే కాన్పు వచ్చేలా ఉంటే ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు బిడ్డకి హాని అని వద్దంటున్నారు కొందరు. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమయ్యేది వాటివల్లే, అందుకే నొప్పులు ముందే మొదలైతే ఇంట్లో ఆగకుండా, ఎన్ఐసీయూ ఉన్న ఆసుపత్రికి కడుపులో బిడ్డ ఉండగానే వెళ్ళండి, పుట్టాక అంబులెన్స్‌లో తీసుకెళ్ళడం కన్నా అది ఎంతో మేలు.

ఇంకోటి, బరువు పెరిగింది, బాగానే చూస్తోంది కదా అని కంటి పరీక్ష మానేస్తారు. నెలలు నిండని పిల్లల రెటీనాలో రక్తనాళాలు వంకరగా పెరిగితే బయటికి ఏమీ కనిపించదు, కనిపించేసరికి చూపు పోయి ఉంటుంది, టైముకి పట్టుకుంటే లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో చాలామందికి చూపు నిలబడుతుంది. మొదటి పరీక్ష మామూలుగా పుట్టిన నాలుగు వారాలకి, డిశ్చార్జ్ కాగితంలో ఆ తేదీ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అక్కడే అడిగి రాయించుకోండి.