విండ్సర్ కోటలో క్రిస్మస్ సాయంత్రం: అపోహలు - వాస్తవాలు

డిసెంబర్ వస్తే చాలు, ఇంగ్లండ్‌లో ఉన్న మన కుటుంబాలు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో లండన్ దగ్గర ఉన్న రాజకుటుంబపు విండ్సర్ కోటకు బయల్దేరతాయి. వాళ్లను తీసుకెళ్లి అక్కడి కథ చెప్పడం నా పని. గేటు దగ్గర చలిలో హడావిడిగా చెప్పే మాటల్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

అపోహ: ఇంగ్లండ్‌కు క్రిస్మస్ చెట్టును తెచ్చింది విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్.

వాస్తవం: ఆల్బర్ట్ పుట్టింది 1819లో. అంతకు 19 ఏళ్ల ముందే, 1800లో, అప్పటి రాజు మూడో జార్జి భార్య షార్లెట్ రాణి విండ్సర్‌లో పిల్లల విందుకు ఒక యూ చెట్టును (ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టు) నిలబెట్టించింది. జర్మనీలో ఆమె పుట్టింటి వైపు యూ కొమ్మ పెట్టి అలంకరించే ఆచారం ఉండేది. ఆమె కొమ్మతో సరిపెట్టుకోకుండా ఏకంగా చెట్టే పెట్టించింది. దానికి బాదంపప్పు, ఎండుద్రాక్ష కట్టిన కాగితం పొట్లాలు, పండ్లు, బొమ్మలు వేలాడదీసి, చిన్న చిన్న మైనపు కొవ్వొత్తులు వెలిగించారు.

ఒకసారి బాపట్ల వైపు నుంచి వచ్చిన ఒక అమ్మగారు ఇది విని, "మేమూ సరుగుడు కొమ్మే పెట్టేవాళ్లం బాబూ" అన్నారు. అప్పట్నుంచి ఆ మాట అందరికీ చెబుతున్నాను.

విక్టోరియా కూడా పెళ్లికి ముందే, 13 ఏళ్ల వయసులో, కెన్సింగ్టన్ ప్యాలెస్‌లో చూసిన క్రిస్మస్ చెట్ల గురించి డైరీలో రాసుకుంది. మరి ఆల్బర్ట్ చేసిందేమిటి? 1848లో ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రిక, చెట్టు చుట్టూ నిలబడిన రాజకుటుంబం బొమ్మ వేసింది. అది చూసి మామూలు ఇళ్లలోనూ చెట్టు పెట్టడం మొదలైంది. ఆ గొప్ప మాత్రం ఆయనకు దక్కాల్సిందే.

అపోహ: 1992లో కోట తగలబడింది కొవ్వొత్తి వల్లే.

వాస్తవం: కాదు. నవంబర్ 20న అప్పటి ఎలిజబెత్ రాణిగారి ప్రార్థనా గదిలో ఒక స్పాట్‌లైట్ వేడికి తెర అంటుకుంది. మంటలు 15 గంటలు మండాయి, 115 గదులు దెబ్బతిన్నాయి. ఇప్పుడు 20 అడుగుల క్రిస్మస్ చెట్టు నిలబెట్టే సెయింట్ జార్జ్ హాల్ పైకప్పు ఆ మంటల్లోనే పోయింది. మీరు తలెత్తి చూసే ఓక్ కప్పు ఆ తర్వాత కట్టింది. పని పూర్తయ్యేసరికి 1997. దయచేసి చెట్టు ఒక్కటే చూసి వచ్చేయకండి, ఆ కప్పు కింద కాసేపు నిలబడండి.

అపోహ: పండగకు వెళ్తే రాజుగారు కనిపిస్తారు.

వాస్తవం: ఆయన పండగకు సాధారణంగా నార్‌ఫోక్‌లోని సాండ్రింగ్‌హామ్ వెళ్తారు. పైగా 25, 26 తేదీల్లో కోట మూసే ఉంటుంది. టికెట్ కొనేముందు తేదీ చూసుకోండి.

అపోహ: కానుకల సందడి 25 ఉదయమే ఉండేది.

వాస్తవం: విక్టోరియా, ఆల్బర్ట్ ఇంట్లో జర్మన్ పద్ధతి. 24 సాయంత్రమే బల్లల మీద కానుకలు సర్దేవారు. అందుకే ఈ కోటను చీకటి పడే వేళకు చూడమంటాను. డిసెంబర్‌లో ఇక్కడ నాలుగింటికే పొద్దు పోతుంది.

1860 క్రిస్మస్‌కు ఇక్కడ మూడు గదుల్లో షాండ్లియర్లు దింపేసి, వాటి స్థానంలో మిఠాయిలు, రంగు కొవ్వొత్తులు కట్టిన చెట్లనే కప్పు నుంచి వేలాడదీశారు. మరుసటి ఏడాది డిసెంబర్ 14న ఆల్బర్ట్ ఇదే కోటలో కన్నుమూశాడు. ఆ తర్వాత విక్టోరియా క్రిస్మస్‌లు ఎక్కువగా వైట్ దీవిలోని ఆస్బోర్న్ హౌస్‌లోనే గడిచాయి. వాళ్లిద్దరూ కలిసి చూసిన ఆఖరి క్రిస్మస్ చెట్లు, ఆ వేలాడినవే.