పాత వీడియో గేమ్ సమీక్షలు ఇంకా చదవదగ్గవేనా? అపోహలు - వాస్తవాలు

పదేళ్ల క్రితమో పాతికేళ్ల క్రితమో వచ్చిన ఆటను ఇప్పుడు ఆడదలచినవారు, ఆ రోజుల్లో దానిపై వచ్చిన సమీక్షను నమ్మవచ్చా అని తరచూ అడుగుతుంటారు. ఆటల సమీక్ష వృత్తిగా ఉన్న నేను తప్పక చదవమనే చెబుతాను, అయితే ముందుగా తేదీని, ఆడిన యంత్రాన్ని, వెర్షన్‌ను చూసుకోవాలి. ఫలానా రోజున ఫలానా యంత్రంపై ఆడినవారు ఇచ్చిన వాంగ్మూలంగా సమీక్షను తీసుకుంటే, దానిలో ఏది ఇప్పటికీ చెల్లుతుందో పాఠకుడికే తెలిసిపోతుంది.

అపోహ: ఆట మారదు కనుక దాని సమీక్ష కూడా పాతబడదు.

వాస్తవం: ఆటలు కార్ట్రిడ్జ్‌లలోనూ సీడీలలోనూ వచ్చిన కాలానికి ఈ మాట చాలావరకు సరిపోతుంది. ఇంటర్నెట్ ద్వారా ప్యాచ్‌లు (విడుదలైన ఆటను సరిదిద్దే మార్పులు) రావడం మొదలైన తర్వాత పరిస్థితి పూర్తిగా మారింది. 2016 ఆగస్టులో విడుదలైన ‘నో మ్యాన్స్ స్కై’ని విమర్శించిన సమీక్షలు ఆనాటికి న్యాయమైనవే, కానీ ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉచితంగా వచ్చిన అప్‌డేట్‌లతో ఆ ఆట రూపమే మారిపోయింది. 2020 డిసెంబరులో వచ్చిన ‘సైబర్‌పంక్ 2077’ విషయం మరింత గమనించదగినది. విడుదలకు ముందు సమీక్షకులకు అందింది పీసీ వెర్షన్ మాత్రమే కావడంతో, పాత కన్సోళ్లపై (టీవీకి తగిలించి ఆడే ఆట యంత్రాలపై) ఆట ఎంత అధ్వానంగా నడుస్తుందో తొలి సమీక్షలు చెప్పలేకపోయాయి. కొద్ది రోజులకే సోనీ దానిని తన స్టోర్ నుంచి తొలగించి, 2021 జూన్‌లో గాని తిరిగి పెట్టలేదు. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్ నైపుణ్యాల వ్యవస్థను, పోలీసులు వెంటాడే తీరును కొత్తగా తీర్చిదిద్దింది. కాబట్టి ఈ ఆటను కొనేవారు తొలినాటి సమీక్షతోపాటు 2023 తర్వాత రాసినది కూడా చదవడం మంచిది.

2010లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 14’ తొలి రూపం విఫలమవడంతో 2012 నవంబరులో దానిని ఆపివేసి, 2013 ఆగస్టులో కొత్తగా నిర్మించిన ఆటను విడుదల చేశారు. 2010 నాటి సమీక్షలు ఈనాటి కొనుగోలుదారుకు ఉపయోగపడవు. అయినా ఆ తొలి ఆట ఎలా ఉండేదో, ఎక్కడ దెబ్బతిన్నదో తెలుసుకోవాలనుకునేవారికి అవి విలువైన ఆధారాలని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: అప్పట్లో ఎక్కువ మార్కులు పొందిన ఆట ఇప్పుడూ అంతే బాగుంటుంది.

వాస్తవం: మార్కులు ఆనాటి ఇతర ఆటలతో పోల్చి వేసినవి కనుక సమీక్షలో అన్నిటికంటే ముందు పాతబడేవి అవే. 1997లో తుపాకీ పోరాటాల ఆట ‘గోల్డెన్‌ఐ 007’కు దక్కిన ప్రశంసలు నిజాయితీగలవే అయినా, ఒక చేతితో నడక, మరో చేతితో గురి అనే రెండు స్టిక్‌ల పద్ధతికి అలవాటుపడిన నేటి ఆటగాడికి దాని నియంత్రణ తడబాటుగానే అనిపిస్తుంది. వర్ణన మాత్రం మార్కులంత తొందరగా పాతబడదు. కెమెరా ఎలా కదులుతుంది, ఎంతసేపటికి ఒకసారి సేవ్ చేసుకోవచ్చు, ఓడిపోతే ఎంత వెనక్కి వెళ్లాలి వంటి వివరాలు రాసిన సమీక్ష ముప్పై ఏళ్ల తర్వాత కూడా పనికొస్తుంది. 2006లో వచ్చిన ‘గాడ్ హ్యాండ్’కు ఒక ప్రముఖ వెబ్‌సైట్ 10కి 3 మార్కులే వేసింది. తర్వాతి కాలంలో ఆ ఆటకు గాఢమైన అభిమానులు ఏర్పడ్డారు. అది మరీ కష్టంగా ఉందన్న ఆనాటి ఫిర్యాదే, కష్టమైన పోరాటాన్ని ఇష్టపడేవారికి ఈనాడు సిఫారసు అవుతుంది.

అపోహ: పత్రికల్లో అచ్చైన సమీక్షలన్నీ పూర్తయిన ఆటను ఆడి రాసినవే.

వాస్తవం: ముద్రణకు వారాల ముందే వ్యాసం అందించవలసి రావడంతో, కొన్నిసార్లు ఇంకా పూర్తికాని వెర్షన్‌ను ఆడి రాయవలసి వచ్చేది. అలాంటి సమీక్షలో కనిపించే చిన్న లోపాలు అమ్మకానికి వచ్చిన ఆటలో ఉండకపోవచ్చు.

అపోహ: ఇప్పటివారు రాసే పునఃసమీక్షలు ఉండగా పాతవి అనవసరం.

వాస్తవం: ఇప్పటివారు చాలాసార్లు ఎమ్యులేటర్‌పై (పాత ఆట యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్‌పై), ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకుంటూ, పదునైన తెరపై ఆడుతారు. ‘సోనిక్’ తొలి ఆటల్లో జలపాతాలను గీసిన సన్నని నిలువు గీతలు పాత టీవీ తెరపై కలిసిపోయి నీరు పారదర్శకంగా కనిపించేది, ఇప్పటి తెరపై అవి ఉత్త గీతలుగానే కనిపిస్తాయి. ఆ ఆటను అది ఉద్దేశించిన తెరపై చూసి రాసినవారి మాటకు అందుకే ప్రత్యేకమైన బరువు ఉంది. పైగా, ప్రసిద్ధమైన ఆటలకు తప్ప చాలావాటికి ఎవరూ మళ్లీ సమీక్ష రాయరు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో అందుబాటులో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెల్లడించింది. అదే సంస్థ 2025 జనవరిలో తెరిచిన డిజిటల్ గ్రంథాలయంలో పాత గేమ్ పత్రికల సంచికల్లో కావలసిన మాటను వెతుక్కుంటూ చదివే వీలుంది. దొరకని ఆట గురించి తెలుసుకోదలచినవారు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.