పగులు ఒకచోట, కారణం మరోచోట

బంధువొకాయన కొనబోతున్న పాత ఇంటిని చూడ్డానికి తోడు వెళ్ళాను. పడకగదిలో కిటికీ పై మూల దగ్గర మొదలై ఇంటి మూల వైపు ఏటవాలుగా ఎక్కిన పగులు ఒకటి, కొత్తగా వేసిన రంగు కిందనుంచి కూడా సన్నగా కనిపిస్తూ ఉంది. "ప్లాస్టరింగ్ పగులండీ, అన్ని ఇళ్ళలోనూ ఉండేదే" అన్నారు అమ్మేవాళ్ళు. ఆ మాట చాలా ఇళ్ళలో నిజమే కాబట్టి కాదనడం కష్టం. మాతో వచ్చిన స్ట్రక్చరల్ ఇంజనీరు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. జేబులోంచి చిన్న స్కేలు తీసి పగులు వెడల్పును మూడు చోట్ల కొలుచుకున్నారు. తర్వాత ఒక్క మాటైనా చెప్పకుండా బయటికి, పెరటివైపు వెళ్ళిపోయారు.

పగులును వదిలేసి ఆయన బయటికి ఎందుకు వెళ్ళారో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇల్లు కొనేముందు చేయించే స్ట్రక్చరల్ సర్వే అంటే గోడల మీద లోపాలు లెక్కపెట్టడం అనుకునేవాణ్ణి. నిజానికి కంటికి కనిపించేది ఆనవాలు మాత్రమే. దాని కారణం తరచు వేరే గదిలోనో, పై అంతస్తులోనో, నేల కిందో ఉంటుంది. సర్వే పనంతా ఆ రెంటినీ కలిపే పనే.

పగులు నుంచే మొదలుపెడదాం. ఒక కాగితం ముక్కను రెండు కొసలా పట్టుకుని లాగితే అది అడ్డంగా చిరుగుతుంది. గోడైనా అంతే, లాగుడు ఎటు ఉంటే దానికి అడ్డంగా పగులుతుంది. ఇటుక, సిమెంటు, కాంక్రీటు ఇవన్నీ నొక్కితే బాగా తట్టుకుంటాయి గానీ లాగితే తట్టుకోలేవు. కాంక్రీటుకు నొక్కుడును ఓర్చే బలం ఎంతో, లాగుడును ఓర్చే బలం అందులో సుమారు పదో వంతే. కాబట్టి పగులు ఏ దిక్కున సాగిందో చూస్తే గోడను ఏది ఎటు లాగిందో వెనక్కి లెక్క కట్టొచ్చు. ఇంటి ఒక మూల కింద నేల కుంగిందనుకోండి. ఆ మూలతో పాటు గోడలో కొంత భాగం కిందికి జారుతుంది, మిగతా గోడ ఉన్నచోటే ఉంటుంది. రెంటి మధ్య పగులు ఏటవాలుగా వస్తుంది, దాని పై కొస సాధారణంగా కుంగిన మూల వైపే చూస్తుంది. చాలాసార్లు కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది. ఇటుకల మధ్య సున్నం గానీ సిమెంటు గానీ బలహీనంగా ఉంటే అదే పగులు మెట్లు మెట్లుగా దిగుతుంది. కిటికీ, గుమ్మం మూలల దగ్గరే ఎక్కువగా మొదలు కావడానికి కారణం, గోడలో రంధ్రం ఉన్నచోట బలాలన్నీ దాని మూలల చుట్టూ తిరిగి వెళ్ళాలి. అక్కడ ఒత్తిడి పోగవుతుంది.

పై అంతస్తులో స్లాబూ గోడా కలిసేచోట అడ్డంగా గీత గీసినట్టు ఉండే పగులు సంగతి వేరు. డిగ్రీ వేడికి మీటరు కాంక్రీటు దాదాపు 0.01 మిల్లీమీటరు సాగుతుంది. చాలా తక్కువే అనిపిస్తుంది. కానీ 20 మీటర్ల పొడవున్న డాబా 30 డిగ్రీలు వేడెక్కితే 6 మిల్లీమీటర్లు. కింది గోడ అంత వేడెక్కదు, కాబట్టి అంత సాగదు. ఏళ్ళ తరబడి ఆ పోరు సాగి కలిసేచోట విడిపోతుంది. చూడ్డానికి భయంగా ఉన్నా దీనివల్ల ఇల్లు కూలదు, వాన నీరు దిగకుండా చూసుకుంటే చాలు. గది మధ్యలో బీమ్ అడుగున వెంట్రుకంత పగుళ్ళు కనిపించినా టెన్షన్ పడనక్కర్లేదు, సుమారు 0.3 మిల్లీమీటర్ల వరకు వస్తాయనుకునే డిజైన్ చేస్తారు. అదే బీమ్ పిల్లరు మీద ఆనేచోటుకు దగ్గర్లో ఏటవాలుగా పగిలి ఉంటే మాత్రం ఆ ఇంట్లో మిగతా గదులు చూడ్డం ఆపి ఇంజనీరును పిలవాలి.

వెడల్పుకూ లెక్క ఉంది. బ్రిటన్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ చేసిన వర్గీకరణను చాలా దేశాల ఇంజనీర్లు వాడతారు. మిల్లీమీటరు లోపు పగులు రంగుతో పోయేది, 5 దాకా పూడ్చుకునేది. 15 దాటితే గోడలో కొంత భాగం విప్పి కట్టాల్సి రావచ్చు, 25 దాటితే గోడ నిలబడటమే సందేహం. నా దృష్టిలో వెడల్పు కన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. పగులు ఇంకా కదులుతోందా? ఇరవై ఏళ్ళ కిందట కుంగి ఆగిపోయిన మూల వల్ల వచ్చిన 4 మిల్లీమీటర్ల పగులు కన్నా, పోయిన ఏడాది మొదలై పెరుగుతున్న 1 మిల్లీమీటరు పగులు ప్రమాదం. తేల్చడానికి నెలల తరబడి కొలవాలి, కొనేవాళ్ళకు అంత వ్యవధి ఉండదు. అందుకని అంచులు చూస్తారు. పాత పగులు అంచులు మొద్దుబారి, లోపల దుమ్మూ పాత రంగూ చేరి ఉంటాయి. కొత్తదాని అంచులు పదునుగా, లోపల శుభ్రంగా ఉంటాయి. పూడ్చిన చోటే మళ్ళీ విచ్చుకుంటే అదొక్కటే చాలు, కదలిక ఆగలేదని చెప్పడానికి.

ఇల్లు కుంగడం అనగానే అందరూ కంగారు పడతారు గానీ మొత్తం ఇల్లు ఒకే తీరున కాస్త దిగితే పెద్ద నష్టమేమీ లేదు. చిక్కంతా ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ దిగడంలో. స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇంజనీర్లు కుంగిన భవనాలను పరిశీలించి 1956లో ఒక హద్దు చెప్పారు. రెండు పిల్లర్ల మధ్య దూరంలో 300వ వంతు తేడా వస్తే గోడలు పగలడం మొదలవుతుంది, 150వ వంతు వస్తే భవనం అస్థిపంజరానికే దెబ్బ. అంటే 3 మీటర్ల దూరంలో ఉన్న రెండు పిల్లర్లలో ఒకటి 10 మిల్లీమీటర్లు ఎక్కువ దిగితే చాలు, గోడ మీద పగులు కనిపిస్తుంది. సర్వేలో రసమట్టం, లేజర్ లెవెల్ పట్టుకుని గచ్చు మీద తిరిగేది ఆ చిన్న తేడాల కోసమే. తలుపు తనంతట తానే తెరుచుకోవడం, కిటికీ రెక్క ఒక మూల పట్టేయడం కూడా ఇదే కథ చెబుతాయి.

నేల ఎందుకు సమానంగా దిగదు? నల్లరేగడి లాంటి బంకనేలలు తడిస్తే ఉబ్బుతాయి, ఎండితే కుంచించుకుపోతాయి. ఇంటి నడిమి భాగం కింద తేమ పెద్దగా మారదు. అంచుల కింద మాత్రం వానకూ ఎండకూ మారుతూనే ఉంటుంది. దగ్గర్లో పెద్ద చెట్టుంటే దాని వేళ్ళు ఒకవైపే నేలను ఎండగడతాయి. ఆ చెట్టు కొట్టేస్తే, ఎండిన నేల మళ్ళీ నీరు పట్టి ఉబ్బి ఇంటిని పైకి ఎత్తవచ్చు. కాబట్టి సర్వేలో ఉన్న చెట్టునే కాదు, పెరట్లో మిగిలిన మొద్దును కూడా చూస్తారు. నేలను మార్చితే కట్టడం ఎలా మారుతుందో తెలియాలంటే పీసా గోపురాన్ని చూడాలి. 1173లో మొదలైన ఆ గోపురం మెత్తటి నేలలో ఒకవైపు ఎక్కువ దిగి ఒరిగింది. ఒరుగు ముదురుతోందని 1990లో మూసేశారు. ఒరిగిన దక్షిణ వైపును ఎత్తే ప్రయత్నం చేయకుండా, ఉత్తరం వైపు పునాది కింద నుంచి కొద్దికొద్దిగా మట్టి తీశారు. గోపురం అరడిగ్రీ దాకా వెనక్కి వచ్చింది, 2001లో మళ్ళీ తెరిచారు. దాని రాళ్ళను ఎంత పరీక్షించినా ఆ ఒరుగు ఎందుకో తెలిసేది కాదు.

ఇక కాంక్రీటు. దీనిలో జరిగే కథ అందరికీ కనిపించేది ఆఖరి అంకంలోనే, స్లాబు అడుగున పెచ్చులూడి ఇనుప ఊచలు బయటపడినప్పుడు. మొదలు మాత్రం ఇల్లు కట్టిన రోజునే. తాజా కాంక్రీటు గట్టి క్షారం, క్షారం ఎంతుందో చెప్పే పీహెచ్ అంకె దానిలో 12.5 పైనే ఉంటుంది. అంత క్షారంలో ఇనుము మీద పలుచని ఆక్సైడు పొర ఏర్పడి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు కాంక్రీటు సూక్ష్మ రంధ్రాల్లోంచి లోపలికి పాకి, అందులోని కాల్షియం హైడ్రాక్సైడును సున్నపురాయిగా మారుస్తూ పోతుంది. మారినచోట పీహెచ్ 9కి పడిపోతుంది. ఆ సరిహద్దు ఊచను చేరిన రోజున రక్షణ పొర పోయినట్టే. తర్వాత కాస్త నీరూ గాలీ అందితే చాలు. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. లోపలినుంచి ఉబ్బి పై కాంక్రీటును పగలదీస్తుంది. ఊచ ఎటు ఉంటే అటు సరళరేఖలా పగులు వస్తుంది.

ఇక్కడే కవర్ సంగతి వస్తుంది. ఊచ మీద కాంక్రీటు ఎంత మందాన ఉందో దాన్నే పనివాళ్ళు కవర్ అంటారు. స్లాబు పోసేటప్పుడు ఊచల కింద కవర్ బ్లాకులు సరిగ్గా పెట్టకపోతే అది తగ్గిపోతుంది. తగ్గితే ఏమవుతుందో లెక్క చూడండి. కార్బన్ డయాక్సైడు చొచ్చుకుపోయే లోతు కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. ఒక కాంక్రీటులో 20 మిల్లీమీటర్లు పోవడానికి 25 ఏళ్ళు పట్టిందనుకుందాం. 40 మిల్లీమీటర్లు పోవడానికి 50 ఏళ్ళు చాలవు, 100 ఏళ్ళు పడుతుంది. తిరగేసి చూస్తే, 10 మిల్లీమీటర్లే ఉన్నచోట 6 ఏళ్ళకే ఊచను చేరిపోతుంది. మేస్త్రీ ఒక మధ్యాహ్నం బద్ధకించిన సెంటీమీటరు ఇంటి ఆయుష్షులో దశాబ్దాలు తినేస్తుంది. బాగా కట్టిన ఇల్లే అయినా ఒక్క సన్‌షేడ్ మాత్రమే పెచ్చులూడుతుంటే ఇలాంటిదేదో జరిగి ఉంటుంది.

దీన్ని పట్టుకునే పరీక్ష బడి ప్రయోగశాలలో చేసినంత తేలిక. చిన్న ముక్క పగలగొట్టి తాజా ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ అనే రసాయనం చిలకరిస్తే, క్షారం మిగిలినచోట గులాబీ రంగు వస్తుంది, పోయినచోట రాదు. ఊచ దగ్గర రంగు రాకపోతే విషయం తేలిపోయినట్టే. కవర్ ఎంతో అయస్కాంత సూత్రంతో పనిచేసే కవర్ మీటరు చెబుతుంది. లోపల డొల్లలూ పగుళ్ళూ ఉన్నాయేమో అల్ట్రాసౌండ్ తరంగాలు పంపి, వాటి వేగాన్ని బట్టి పసిగడతారు. కాంక్రీటు మీద కొట్టి, దెబ్బ ఎంత వెనక్కి ఎగిరిందో దాన్ని బట్టి బలాన్ని అంచనా వేసే రీబౌండ్ హామర్ అని ఒకటుంది, అమ్మేవాళ్ళు దాని అంకెలు చూపిస్తే జాగ్రత్త పడాలి. అది కొలిచేది పైపొర గట్టిదనాన్ని. కార్బన్ డయాక్సైడు సోకిన పైపొర సున్నపురాయిగా మారి ఇంకా గట్టిపడుతుంది. పాత కాంక్రీటు ఎంత దెబ్బతింటే అంకె అంత బాగా రావచ్చన్నమాట! ఇన్ని పరికరాలున్నా అనుభవం ఉన్న ఇంజనీరు ముందు చేసేది మామూలు సుత్తితో స్లాబు అడుగున తట్టుకుంటూ వెళ్ళడమే. పెచ్చు విడిపోయినచోట ఠంగుమనకుండా డొల్లగా మోగుతుంది.

నీటి సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. తుప్పుకైనా, ఉబ్బే నేలకైనా, చెదలకైనా వెనక ఉండేది అదే. గోడ అడుగున మీటరు లోపు ఎత్తులో చెమ్మ, పై అంచున తెల్లటి ఉప్పు గీత ఉంటే నీరు నేలనుంచి పీల్చుకుని ఎక్కుతున్నట్టు అనుమానించాలి. వాన వచ్చినప్పుడే తడిస్తే బయటినుంచి, ఏ కాలంలోనైనా తడిగానే ఉంటే పైపు నుంచి. తేమ మీటరు గోడలో తేమను నేరుగా కొలవదు, విద్యుత్తు ఎంత తేలిగ్గా పారుతుందో చూస్తుంది. ఉప్పు చేరిన పొడి గోడను కూడా తడిగోడ అంటుంది. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా చూసేది ఉపరితలం వేడిని, నీటిని కాదు. రెండూ అనుమానం రేపగలవు, తీర్పు చెప్పలేవు.

అమెరికాలోని ఫ్లోరిడాలో, సర్ఫ్‌సైడ్ అనేచోట 12 అంతస్తుల అపార్టుమెంటు 2021 జూన్ 24న అర్ధరాత్రి దాటాక కూలి 98 మంది చనిపోయారు. అంతకు మూడేళ్ళ ముందే, 2018లో, ఒక ఇంజనీరు నివేదిక ఇచ్చారు. ఈతకొలను పక్కనున్న డెక్కు స్లాబు మీద నీరు దిగకుండా వేసిన పొర పాడైందనీ, దాన్ని వాలుగా కాకుండా సమతలంగా వేయడంతో నీరు పోయే దారి లేక నిలిచిపోతోందనీ, కింద కాంక్రీటు బాగా దెబ్బతిందనీ అందులో ఉంది. కూలే నాటికి ఆ కాంక్రీటు మరమ్మతులు మొదలే కాలేదు. చెమ్మ ఒక్కటే భవనాన్ని కూల్చిందనడం తొందరపాటు అవుతుంది, ఆ డెక్కు మొదటి డిజైన్‌లోనే బలం చాలలేదని తర్వాతి దర్యాప్తు గుర్తించింది. కానీ వాలు లేని నేల మీద నిలిచిన నీరు చూసి, కింద పార్కింగులో పిల్లర్లనూ పైకప్పునూ చూడాలని తోచడమే సర్వే అంటే.

సర్వే చేయించేటప్పుడు ఇంజనీరును మీరే ఎంచుకోండి, అమ్మేవాళ్ళో బ్రోకరో చూపించినవాళ్ళు వద్దు. పాత ప్లాన్లు దొరికితే ముందే ఇవ్వండి. అసలు ప్లాన్‌లో ఉన్న గోడ ఇప్పుడు లేకపోతే, అది మోసిన బరువు ఇప్పుడెవరు మోస్తున్నారో వెతకాలి. తర్వాత వేసిన అంతస్తైతే పునాది దాని కోసం కట్టిందో కాదో చూడాలి. వీలైతే వాన వెలిసిన మర్నాడు వెళ్ళండి. గదిలో ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే టార్చి గోడకు ఆనించి పక్కగా వెలుతురు పడేయండి, పూడ్చిన పగులు నీడతో సహా బయటపడుతుంది. అలమరల వెనకా, పునాది లోపలా ఏ ఇంజనీరూ చూడలేరు. మంచి నివేదికలో చూడని చోట్లు కూడా రాసి ఉంటాయి. అవి లేని నివేదికను నేనైతే నమ్మను.

ఆ రోజు పెరట్లోకి వెళ్ళి చూస్తే, డాబా మీది వాన నీరు దిగే పైపు ఇంటి మూలకు వచ్చి నేలకు జానెడు ఎత్తులో ఆగిపోయి ఉంది. దాని కిందనున్న కాలువ ఎప్పుడో పూడుకుపోయింది. ఎన్ని వానాకాలాల నీరో ఆ మూల పునాది పక్కనే దిగిపోయింది. ఇంజనీరు ఇచ్చిన నివేదికలో మొదటి వాక్యం పైపు గురించే, పగులు మూడో పేజీలో వచ్చింది. తిరిగి వచ్చేముందు ఆయన మళ్ళీ పడకగదిలోకి వెళ్ళి, పగులుకు రెండు వైపులా పెన్సిల్‌తో చిన్న చుక్కలు పెట్టి, మధ్య దూరం కొలిచి, పక్కనే ఆ అంకె, ఆనాటి తేదీ రాశారు. అమ్మేవాళ్ళు కొత్త రంగు వైపు చూసి ఏమీ అనలేదు.