పసిబిడ్డ పక్కలో ఏముండాలి, ఏముండకూడదు: అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో ఒక ఆసుపత్రి పసిపిల్లల విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. డిశ్చార్జి రోజున బిడ్డను ఎలా పడుకోబెట్టాలో తల్లికి, అమ్మమ్మకు చెప్పే బాధ్యత నాది. మారతహళ్లి, కేఆర్ పురం వైపు నుంచి తెలుగువాళ్లు చాలామంది వస్తారు. అప్పటికే ఇంట్లో గొడుగు దోమతెర ఉన్న బేబీ బెడ్, చిన్న దిండ్లు, ఊలు దుప్పటి, బొమ్మలు అన్నీ సిద్ధం. ప్రేమతో కొన్నవే, కానీ వాటిలో చాలావాటిని పక్కలోంచి తీసేయమనే చెప్తాను.

అపోహ: పరుపు ఎంత మెత్తగా ఉంటే బిడ్డకు అంత సుఖం.

వాస్తవం: మెత్తటి పరుపులో తల దిగబడుతుంది. ముఖం పక్కకు తిరిగితే ముక్కు గుడ్డలో కూరుకుపోయి, వదిలిన గాలినే మళ్లీ పీల్చాల్సి వస్తుంది. తల తిప్పుకుని బయటపడే బలం చిన్నబిడ్డకు ఉండదు. గట్టిగా, సమంగా ఉన్న పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన ఒక్క నూలు దుప్పటి చాలు. తొట్టిమంచం కొంటే పరుపుకీ అంచుకీ మధ్య రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. కమ్మీల మధ్య ఎడం 6 సెంటీమీటర్లు దాటకూడదు.

అపోహ: వెల్లకిలా పడుకోబెడితే కక్కిన పాలు గొంతులో అడ్డుపడతాయి.

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే. బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు గాలి గొట్టం పైన, ఆహార గొట్టం కింద ఉంటాయి. పైకి వచ్చిన పాలు కిందివైపే ఉండిపోతాయి, బిడ్డ మింగేస్తుంది లేదా ఉమ్మేస్తుంది. బోర్లా ఉంటే గాలి గొట్టమే కిందికి వస్తుంది. నిద్రలో కారణం తెలియకుండా పసిబిడ్డలు చనిపోవడాన్ని డాక్టర్లు సిడ్స్ అంటారు. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టాలని ప్రచారం మొదలుపెట్టాక అలాంటి మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. పక్కకు ఒత్తిగిల్లి పడుకోబెట్టడమూ మంచిది కాదు, ఎందుకంటే ఆ బిడ్డ సులువుగా బోర్లా పడిపోతుంది.

"మరి మీ ఎన్ఐసీయూలో బోర్లా పడుకోబెట్టి, చుట్టూ గుడ్డచుట్టలు పెట్టారు కదమ్మా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎన్ఐసీయూ అంటే పసిబిడ్డల ఐసీయూ. అక్కడ నెలలు నిండని బిడ్డకు గుండె, ఊపిరి గమనించే మానిటర్ తగిలించి ఉంటుంది, ఒక మనిషి చూస్తూనే ఉంటారు. ఇంటికి పంపే ముందే ఆ చుట్టలు తీసేసి వెల్లకిలా అలవాటు చేస్తాం. ఇంట్లో మానిటర్ లేదు, అందుకే చుట్టలూ వద్దు.

అపోహ: ఆవాల దిండు లేకపోతే తల గుండ్రంగా రాదు.

వాస్తవం: ఎప్పుడూ ఒకే వైపు ఒత్తిడి పడితే తల చదునవుతుంది. దిండు పెడితే మెడ వంగి, గడ్డం ఛాతీకి ఆని ఊపిరి దారి ఇరుకవుతుంది. మెలకువగా ఉన్నప్పుడు మీరు ఎదురుగా కూర్చుని కాసేపు బోర్లా ఉంచండి. పడుకోబెట్టే దిశ రోజూ మార్చండి. తల ఎప్పుడూ ఒకవైపే తిప్పుతుంటే డాక్టరుకు చూపించండి.

అపోహ: బెంగళూరు చలికి దుప్పటి కప్పకపోతే ఎలా?

డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ ఉష్ణోగ్రత 15 డిగ్రీల దాకా దిగుతుంది. కర్నూలు నుంచో ఒంగోలు నుంచో వచ్చిన అమ్మమ్మకు భయం సహజం. కానీ వెచ్చదనం ఒంటి మీది బట్టల నుంచే రావాలి. దుప్పటి కాళ్లు తన్నగానే జరిగి ముఖం మీదికి వస్తుంది. మీకు సరిపోయే బట్టల కంటే ఒక్క పొర ఎక్కువ వేయండి, చాలు. కాళ్లు, చేతులు చల్లగా ఉంటే కంగారు పడకండి, మెడ వెనుక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చెమట పడితే ఒక పొర తీసేయండి. ఇంట్లో నిద్రపోయేటప్పుడు మంకీ క్యాప్ వద్దు. అతి వేడి కూడా సిడ్స్ ప్రమాదాన్ని పెంచుతుంది. బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు టోపీ వేయమని డాక్టరు చెప్పి ఉంటే ఆ మాటే వినండి. గుడ్డలో చుట్టే అలవాటుంటే, బోర్లా పడే ప్రయత్నం మొదలవగానే మానేయాలి.

తొట్టిమంచం లోపల చుట్టూ కట్టే మెత్తటి బంపర్లను అమెరికా 2022లో చట్టం చేసి నిషేధించింది, మనకూ అవసరం లేదు. దిష్టి తాడు మెడలో మాత్రం కట్టకండి. చీర ఉయ్యాలలో ఊపండి, కానీ ఒళ్లు వంగి ఉండే ఆ గుడ్డలో రాత్రంతా ఉంచొద్దు, నిద్రపట్టగానే సమంగా ఉన్న పక్క మీదికి మార్చండి.

చాలా ఇళ్లల్లో ఒక్కటే మంచం ఉంటుందని తెలుసు. కనీసం 6 నెలలు బిడ్డ మీ గదిలోనే, మీ పక్కనే, కానీ వేరే పక్క మీద ఉండాలి. తొట్టిమంచం లేకపోతే నేల మీద గట్టి పలుచటి పరుపు వేసి, మీరూ కింద పక్కనే పడుకోండి. సోఫాలో పాలిస్తూ నిద్రపోవడం అన్నిటికంటే ప్రమాదం. కునుకు వచ్చేలా ఉంటే మంచం మీదే పాలివ్వండి, ముందుగా దిండ్లు, దుప్పట్లు దూరంగా నెట్టేయండి.

"మా పిల్లలు అలాగే పెరిగారమ్మా" అంటారు పెద్దవాళ్లు. నిజమే, చాలామంది పెరిగారు. పెరగని బిడ్డల గురించి ఎవరూ మాట్లాడుకోరు. ఆ ఇళ్లల్లో కూడా పక్క ప్రేమతోనే పరిచి ఉంటారు.

ఇక ఆ గొడుగు దోమతెరను పారేయనవసరం లేదు. సెట్‌లోని దిండ్లు, మెత్తటి పరుపు తీసేసి, గట్టి పరుపు మీద తెర మాత్రం వాడండి. తెర ముఖానికి తగలకుండా, కింద సందు లేకుండా ఉండాలి.