కెప్టెన్ చొక్కా అసలు రంగేంది? సైన్స్ ఫిక్షన్ రూపాలపై అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో ఇంటి పైగదిలో కూర్చుని గేములకు, యాడ్‌లకు త్రీడీ మోడళ్లు చేస్తుంటాను. సాయంత్రాలు నలుగురు పిల్లలకు ఆ పని నేర్పిస్తాను. మొన్న వాళ్లలో ఒకడు, కావలి కుర్రాడు, లాప్‌టాప్‌లో ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష ఓడ రూపాలు రెండింటిని పక్కపక్కన పెట్టి "ఏంది సార్, బంగారంలాంటి ఓడని ఇట్టా చేశారు?" అన్నాడు. ఒకటి 1966లో మొదలైన స్టార్ ట్రెక్ అనే అమెరికా టీవీ సీరియల్‌ది, రెండోది 2009లో కథని కొత్తగా ఎత్తుకున్న సినిమాది. వాడు గంటసేపు వాదించాడు. వాడన్న మాటలు నేను చాలామంది నోట విన్నవే.

అపోహ: ఒరిజినల్‌ని ఉన్నదున్నట్టు తీస్తే సరిపోయేది.

వాస్తవం: ఒరిజినల్ అంటే ఏది? ఆ సీరియల్లో కెప్టెన్ చొక్కా అందరికీ బంగారు రంగులోనే గుర్తు. కుట్టింది మాత్రం ఆకుపచ్చ గుడ్డతో. స్టూడియో లైట్లకి, ఫిల్ముకి అది తెరమీద అలా పడింది. ఓడ సంగతీ అంతే. 11 అడుగులు దాటిన ఆ మోడల్‌ని చాలావరకు చెక్కతో చేశారు. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. లోపలి లైట్ల వైర్లు ఎడమ పక్కనుంచి బయటికి తీశారు, అందుకే ఆ పక్క పని పూర్తికాలేదు. కెమెరాకి దాదాపు ఎప్పుడూ కుడి పక్కే చూపేవాళ్లు. వినాయక చవితి పందిరి వెనక్కి ఎప్పుడైనా వెళ్లారా? ముందంతా ప్యాలెస్, వెనక సరుగుడు కర్రలు, గోతాలు, వేలాడే వైర్లు. అచ్చం అదే.

మరి ఇప్పుడు మళ్లీ చేసేవాడు ఆకుపచ్చ చొక్కా తొడగాలా, బంగారు రంగుదా? నా ఓటు బంగారు రంగుకే. జనం ప్రేమించింది తెరమీద కనపడినదాన్ని.

అపోహ: మార్పులన్నీ డైరెక్టర్ పైత్యం.

వాస్తవం: ఎక్కువసార్లు డబ్బు సంగతి. 60లలో క్లింగాన్‌లకి (కథలోని వేరే గ్రహం జాతి) ముఖానికి రంగు, కనుబొమ్మలు, మీసాలతో సరిపెట్టారు. 1979 సినిమాకి డబ్బు దొరికింది, నుదుటిమీద గట్లు లేచాయి. ఈ తేడాకి 2005లో ఒక వైరస్ కథ అల్లి మరీ సర్దిచెప్పారు! వారం వారం గ్రహం మీద ఓడ దించే ఖర్చు తప్పించుకోవడానికే మనుషుల్ని మెరుపుల్లో మాయం చేసి నేరుగా గ్రహం మీద తేల్చే యంత్రం పుట్టింది.

అపోహ: గోల చేసే ఫ్యాన్స్‌కి పని తెలీదు.

ఇది మోడళ్లు చేసే మా వాళ్ల అపోహ, అందుకే ఎక్కువ మండుతుంది. 2009 సినిమాలో ఇంజన్ గది చూసి "ఇదేంది, బీరు ఫ్యాక్టరీలా ఉంది" అన్నారు. అది నిజంగా బీరు ఫ్యాక్టరీయే, లాస్ ఏంజెల్స్‌లో ఉంది. తెరనిండా లైట్ల మెరుపులు ఎక్కువయ్యాయన్నారు. ఆ మాట తర్వాత డైరెక్టర్ జె.జె.అబ్రమ్స్ కూడా ఒప్పుకున్నారు.

నాకూ ఒకసారి తగిలింది. ఒక గేముకి ఒంగోలు గిత్తని చేశాను. నడిచేటప్పుడు గంగడోలు ఊగేలా చేయడం పెద్ద టెన్షన్, అందుకని సగానికి కోసేశాను. మా బంధువుల ఊళ్లో ఒక పెద్దాయన ఫోన్లో అరనిమిషం చూసి "గంగడోలు ఏదబ్బాయ్? ఇది మన గిత్త కాదు" అని ఫోన్ తిరిగిచ్చేశాడు. రెండు రోజులు కూర్చుని మళ్లీ తగిలించాను.

కావలి కుర్రాడు ఇప్పుడు పాత ఓడనే మోడల్ చేస్తున్నాడు. కుడి పక్క అయిపోయింది. ఎడమ పక్క ఏం పెట్టాలి సార్ అని నిన్న ఫోన్ చేశాడు.