బ్లాస్టింగ్ అయిన పాత కారు రేకుకు ప్రైమర్: చెన్నై షెడ్లలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

పాత కారు బాగుచేయించుకోవడానికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది "ఏ కంపెనీ ప్రైమర్ కొడతారు?" అనే. బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో సన్నటి రేణువులు కొట్టి పాత రంగు, తుప్పు రాలగొట్టడం) ఏ పూట చేస్తారు, ఆ తర్వాత ఎన్ని గంటల్లో ప్రైమర్ (రంగు కింద కొట్టే మొదటి పూత) పడుతుంది, ఈ లోపు బండి ఎక్కడ పెడతారు అని అడిగేవాళ్లు అరుదు. నన్నడిగితే అసలు అడగాల్సింది ఇదే. రంగు పొంగి, బుడగలు లేచి మళ్లీ షెడ్డుకొచ్చిన బండ్లను గీకి చూస్తే చాలాసార్లు ప్రైమర్ మంచిదే ఉంటుంది. దాని కింద రేకు మీద ఏదో మిగిలిపోయి ఉంటుంది. చెమ్మో, ఉప్పో, నూనో, చేతి చెమటో.

మాది అంబత్తూరు వైపు షెడ్డు. అంబాసిడర్లు, ఫియట్లు, ఈ ఊళ్లోనే 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లు మా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. పనివాళ్లలో నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్లే ఎక్కువ కాబట్టి ఈ వాదనలన్నీ రోజూ తెలుగులోనే నడుస్తాయి.

అపోహ: "శుభ్రంగా బ్లాస్టింగ్ అయింది, రెండు రోజులు ఆగి ప్రైమర్ కొట్టినా ఏం కాదు"

మరే ఊళ్లోనైనా ఒక పూట అటూ ఇటూ అయితే చెల్లుతుందేమో గానీ, చెన్నైలో చెల్లదు. బ్లాస్టింగ్ అయిన రేకు తళతళ మెరవదు. మాసిన వెండి రంగులో, గరుగ్గా ఉంటుంది. ఆ గరుకు వల్ల రంగు పట్టుకునే చోటు పెరుగుతుంది, దాంతోపాటే తుప్పు మొదలయ్యే చోటూ పెరుగుతుంది. పైన రంగు లేదు, నూనె లేదు, పాత తుప్పు పొర కూడా లేదు. ఇనుము అంత నిస్సహాయంగా మరెప్పుడూ ఉండదు.

రంగుల పనిలో ఎక్కడైనా పాటించే లెక్క ఒకటుంది. రేకు ఉష్ణోగ్రత డ్యూ పాయింట్ కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. డ్యూ పాయింట్ అంటే గాలిలోని చెమ్మ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి. చెన్నైలో ఇదేం వింత కాదు. అప్పుడు డ్యూ పాయింట్ 26 దాటుతుంది. అంటే స్ప్రే గన్ పట్టుకోవాలంటే రేకు 29కి పైన ఉండాలి. రాత్రంతా చల్లబడిన ఛాసిస్ పొద్దున్నే అంత వేడి ఎక్కడ ఉంటుంది? షెడ్డు తలుపు తీయగానే బయటి ఉక్క గాలి లోపలికొచ్చి, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే దానికీ చెమట పడుతుంది. సీసా మీదైతే కనిపిస్తుంది, ఈ గరుకు రేకు మీద కనిపించదు. ఒకటి రెండు గంటల్లో లేత పసుపు ఛాయ వచ్చినప్పుడే తెలుస్తుంది.

ఇందుకు రెండు పరికరాలు చాలు. గోడకు తగిలించే తేమ మీటరు, రేకు వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు. రెండూ కలిపినా మంచి స్ప్రే గన్ ధరలో చిన్న భాగమే. వీటిని కొనడానికి వెనకాడి, ప్రైమర్ మాత్రం ఇంపోర్టెడ్‌దే కావాలని పట్టుబట్టేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

మా పద్ధతి ఇది: ఎండెక్కి రేకు వేడెక్కాక బ్లాస్టింగ్ మొదలుపెడతాం. ఆ రోజు ప్రైమర్ కొట్టగలిగినంత వరకే బ్లాస్ట్ చేస్తాం. మొత్తం బాడీ ఒకేసారి బ్లాస్ట్ చేసి వరసగా పెట్టుకోవడం చూడ్డానికి బాగుంటుంది, అంతే. దీపావళి దాటాక సంక్రాంతి లోపు బ్లాస్టింగ్ పెట్టుకోవద్దని కస్టమర్లకు ముందే చెప్పేస్తాను. ఈశాన్య రుతుపవనాల వానల్లో రేకును పొడిగా ఉంచాలంటే డీహ్యూమిడిఫైయర్ పెట్టిన మూసిన గది ఉండాలి. పసుపు ఛాయ వచ్చేసిందా, ప్రైమర్ దాన్ని కప్పేస్తుందిలే అనుకోవద్దు. తక్కువ ప్రెషర్‌తో మళ్లీ ఒకసారి పైపైన బ్లాస్ట్ చేయించండి.

అపోహ: "బ్లాస్టింగ్‌తో తుప్పు మొత్తం పోయినట్టే"

కంటికి కనిపించే తుప్పు పోతుంది. ఉప్పు పోదు. శాంథోమ్‌లోనో బెసంట్ నగర్‌లోనో ఏళ్ల తరబడి ఇంటి ముందు నిలబెట్టిన బండి అయితే డోర్ల కింది అంచులు, మడ్‌గార్డ్ మడతలు ఒకసారి దగ్గరగా చూడండి. రేకులో సూదిమొనంత గుంటలు ఉంటాయి. బ్లాస్టింగ్ అయిన కాసేపటికి చుట్టూ రేకు వెండి రంగులోనే ఉంటుంది గానీ ఈ గుంటల్లో మాత్రం నల్లటి చుక్కలు తేలతాయి. ఇంకాసేపటికి ఆ చుక్కల అంచున నారింజ రంగు గీత కనిపిస్తుంది. అది గుంట అడుగున మిగిలిన క్లోరైడ్ పని. మామూలు ఉప్పే గాలిలో తేమ 75 శాతం దగ్గరకొస్తే నీరు పట్టి కరగడం మొదలుపెడుతుంది, తుప్పులో ఉండే ఇనుప క్లోరైడ్‌లకు అంత తేమ కూడా అక్కర్లేదు. దాని మీద ఎంత ఖరీదైన ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి కొట్టే ప్రైమర్) కొట్టినా, పొరలోంచి మెల్లగా నీటి ఆవిరిని లాక్కుని కిందే బుడగ కడుతుంది.

దీనికి మందు నీళ్లే. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, ఇప్పటిదాకా చెమ్మ వద్దని చెప్పిన మనిషి నీళ్లు పోయమంటున్నాడేమిటని. కానీ ఉప్పు కరిగేది నీటిలోనే, థిన్నర్‌లో కాదు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో ఆ గుంటలను బ్రష్ పెట్టి రుద్ది, గట్టిగా కడిగి, వెంటనే వేడి గాలితో ఆరబెట్టి, మళ్లీ బ్లాస్ట్ చేయాలి. బోరు నీళ్లు వద్దు. ఈ ఊళ్లో సముద్రం దగ్గరి బోరు నీళ్లలో ఉప్పు ఎంతుంటుందో గీజర్ ఉన్న ప్రతి ఇల్లాలికీ తెలుసు. నల్ల చుక్కలు మళ్లీ తేలితే మళ్లీ కడగడమే. అయినా ఆగకపోతే ఆ ముక్క కోసేసి కొత్త రేకు వెల్డ్ చేయించడం నయం. హెరాల్డ్‌కు ఛాసిస్ వేరు, బాడీ ముక్కలు బోల్టులతో బిగించినవి కాబట్టి అది కాస్త సులువు. అంబాసిడర్‌తో తిప్పలే.

అపోహ: "బ్లాస్టింగ్ వేడికి రేకు వంకర పోతుంది"

వంకర పోయే మాట నిజం, కారణం వేడి కాదు. వేల కొద్దీ రేణువులు తగిలి రేకు పైపొరను సాగదీస్తాయి. వెనక వైపు సాగదు. దాంతో కొట్టిన వైపుకే ఉబ్బుతుంది. అందుకే "నీళ్లు చల్లుకుంటూ కొడతాం సార్, ఏం కాదు" అనే బ్లాస్టింగ్ వాళ్ల మాట నమ్మి బానెట్ అప్పగించవద్దు. బానెట్, టాప్, డిక్కీ మూత, డోర్ల బయటి వైపు లాంటి వెడల్పాటి పల్చటి రేకులకు పెయింట్ రిమూవరో, శాండరో వాడి, అంచులకూ మడతలకూ మాత్రం సన్న మీడియాతో (అంటే కొట్టే రేణువులతో), గన్‌ను వాలుగా పట్టి, తక్కువ ప్రెషర్‌తో బ్లాస్ట్ చేయిస్తాను. ఛాసిస్, సస్పెన్షన్ ముక్కలకు గార్నెట్ హాయిగా వాడొచ్చు. మన భీమిలి, శ్రీకాకుళం తీరపు ఇసుకలోనూ దొరికే ఎర్రటి ఖనిజమే అది.

ఉత్త ఇసుకతో చేస్తామనే చోటికి మాత్రం వెళ్లకండి. రేకు పాడవుతుందని కాదు, అక్కడ పనిచేసే కుర్రాడి ఊపిరితిత్తులు పోతాయి. సిలికోసిస్‌కు మందు లేదు. బ్రిటన్ ఫ్యాక్టరీల్లో ఇసుక బ్లాస్టింగ్‌ను 1949 నిబంధనలతోనే ఆపించింది.

అపోహ: "రెడ్ ఆక్సైడ్ ఒక చెయ్యి కొడితే చాలు"

మా సీనియర్ పెయింటర్‌కూ నాకూ తెగని వాదన ఇది.

"మా నాయన కాలం నుంచీ ఎర్ర ప్రైమరే కదన్నా, ఆ బండ్లు ఇంకా తిరగడం లేదా?" అంటాడు.

"ఆ కాలపు ఎర్ర ప్రైమర్లు అన్నీ ఒకటి కాదు బాబూ" అంటాను నేను.

అప్పట్లో వాడిన వాటిలో రెడ్ లెడ్ ఉండేది. అది సీసం ఆక్సైడ్, తుప్పును నిజంగానే అడ్డుకునేది, విషం కూడా. ఇప్పుడు హార్డ్‌వేర్ షాపులో దొరికే రెడ్ ఆక్సైడ్‌లో ఉండేది ఐరన్ ఆక్సైడ్. రంగు ఇస్తుంది, తుప్పును ఆపే గుణం దానికి లేదు. దాన్ని పట్టి ఉంచే ఆల్కిడ్ రెసిన్ కిటికీ ఊచలకు సరిపోతుంది. కారుకైతే పైన కొట్టే రంగుల్లోని ఘాటు థిన్నర్లకు అది ముడతలు పడి లేస్తుంది. ఆ ముడతలు చూశాక కూడా ఆయన తప్పు థిన్నర్‌దే అంటాడు. సగం నిజమే.

అపోహ: "కింద ఎచ్ ప్రైమర్, పైన ఎపాక్సీ కొడితే డబుల్ సేఫ్టీ"

ఎచ్ ప్రైమర్‌లో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది. నున్నటి రేకును కొద్దిగా కొరికి పట్టుకోవడం దాని పని. బ్లాస్టింగ్ అయిన రేకుకు పట్టు ముందే ఉంది, ఇక ఆ కొరుకుడు ఎందుకు? పైగా ఎచ్ ప్రైమర్ పొర ఆరాక 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుట్టుపక్కల ఉంటుంది. బ్లాస్టింగ్ గరుకు ఎత్తు చాలాసార్లు 30 నుంచి 50 మైక్రాన్లు. అంటే మొనలన్నీ బయటికే పొడుచుకుని ఉంటాయి. మరో చిక్కు: ఎపాక్సీ హార్డెనర్‌లో ఉండే ఎమైన్లకూ యాసిడ్‌కూ పడదు. యాసిడ్ మిగిలి ఉన్నచోట ఎపాక్సీ సరిగ్గా గట్టిపడక, తర్వాత పొరలు పొరలుగా లేచిపోవచ్చు. తయారీ కంపెనీ డేటా షీట్‌లో ఫలానా ఎచ్ మీద ఫలానా ఎపాక్సీ కొట్టొచ్చని రాసి ఉంటే సరే, లేకపోతే వద్దు. తుప్పు కన్వర్టర్ల సంగతీ ఇంతే. బ్లాస్ట్ చేసిన రేకు మీద మార్చడానికి తుప్పే లేదు, యాసిడ్ మిగలడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

నా ఓటు నేరుగా ఎపాక్సీకే. ఆ మొనల పైన 50 మైక్రాన్లకు తగ్గకుండా పొర నిలిచేలా రెండు చేతులు కొట్టాలి. పార్ట్ ఏ, పార్ట్ బీ కొలిచి కలపాలి, "అందాజుగా" కాదు. కలిపాక కొన్ని బ్రాండ్లకు కొంతసేపు ఆగమని డబ్బా మీదే ఉంటుంది, ఆగండి. కత్తిరి ఎండల్లో కలిపిన మందు తొందరగా చిక్కబడుతుంది కాబట్టి కొద్దికొద్దిగా కలుపుకోవాలి. చిక్కబడ్డాక థిన్నర్ పోసి మళ్లీ పల్చన చేస్తే గన్‌లోంచి వస్తుంది గానీ, రేకును పట్టుకోదు.

అపోహ: "ప్రైమర్ ముందు థిన్నర్‌తో బాగా తుడవాలి"

నున్నటి రేకుకైతే తుడవాల్సిందే. బ్లాస్ట్ చేసిన గరుకు రేకును మాత్రం తుడిచేకొద్దీ మురికి చేసినట్టే. తిరుప్పూరు బనియన్ వేస్ట్‌తో ఒక్కసారి రుద్ది, టార్చ్ లైటు అడ్డంగా వేసి చూడండి. ప్రతి మొనకూ సన్నటి దూది పోగు చిక్కుకుని కనిపిస్తుంది. దాని మీద ప్రైమర్ కొడితే ఆ పోగులే చెమ్మ లోపలికి దిగే వత్తులవుతాయి. ఇక చవగ్గా దొరికే వాష్ థిన్నర్ చాలావరకు వాడిందాన్నే మళ్లీ వడగట్టింది. దాంట్లో ఉన్న నూనెను మనమే రేకుకు పూసినట్టవుతుంది. నూనె, గ్రీజు ఉన్న బండిని బ్లాస్టింగ్‌కు ముందే డీగ్రీజ్ చేయాలి, లేకపోతే బ్లాస్టింగ్ ఆ జిడ్డును రేకులోకి దిగగొడుతుంది. తర్వాత పొడి గాలి, వ్యాక్యూమ్ చాలు. ఆ రేకును గ్లవ్స్ లేకుండా ఎవరినీ ముట్టనివ్వను. "భలే వచ్చింది సార్" అంటూ యజమాని ప్రేమగా నిమిరినచోట నాలుగు వేళ్ల తుప్పు అచ్చు తేలిన సందర్భాలున్నాయి.

పొడి గాలి అన్నాను కదా, మీ కంప్రెసర్ గాలి నిజంగా పొడిదేనా? పైపు చివర తెల్ల కాగితం పట్టుకుని ఒక నిమిషం గాలి వదలండి. చుక్కలు గానీ మరక గానీ పడితే ముందు ఆ ఫిల్టర్ సంగతి చూసి, తర్వాత గన్ ముట్టుకోండి.

వంటసోడా పొడితో కొట్టే సోడా బ్లాస్టింగ్ గురించి కూడా అడుగుతుంటారు. రేకుకు మెత్తనిది, వంకర పోనివ్వదు, అద్దం దగ్గరా పెద్దగా భయం లేదు. కానీ తుప్పు తీయదు, గరుకు ఇవ్వదు, మిగిలిన పొడి క్షారం కాబట్టి కడక్కుండా ప్రైమర్ కొడితే పట్టు ఉండదు.

అపోహ: "ప్రైమర్ పడిందిగా, ఇక వానలో పెట్టినా పర్లేదు"

ఏ ప్రైమర్ అన్నదాన్ని బట్టి. ఎపాక్సీ నీటిని బాగా అడ్డుకుంటుంది, ఎండకే ఎక్కువ రోజులు తట్టుకోదు, పైన పొడి పొడిగా అవుతుంది. దాని మీద ఎమరీ పట్టడానికి కొట్టే సర్ఫేసర్ అలా కాదు, చెమ్మను పీలుస్తుంది. సర్ఫేసర్ దశలో బండిని టార్పాలిన్ కింద నెలల తరబడి వదిలేసి, డబ్బు కుదిరాక పైరంగు వేయిద్దాం అనుకునేవాళ్లు ఎపాక్సీ దగ్గరే ఆగడం మంచిది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు, డేటా షీట్‌లో చెప్పిన రీకోట్ గడువు (మీద మరో పొర కొట్టాల్సిన గడువు) దాటి ఉంటుంది కాబట్టి, ఎపాక్సీని ఎమరీతో గరుకు చేసి మీదికి వెళ్లాలి. పుట్టీ కూడా ఎపాక్సీ మీదే పెడతాను. ఉత్త రేకు మీద పెట్టినా పట్టుకుంటుంది, కానీ పుట్టీ నీరు పీల్చే సరుకు, దాని కింద రేకుకు ఒక అడ్డు ఉంటే నాకు నిద్ర పడుతుంది.

చివరగా ఎవరూ లెక్కలోకి తీసుకోని చోటు: డోర్ల కింద ఉండే మూసిన పెట్టెలు, ఛాసిస్ గొట్టాలు. బ్లాస్టింగ్ మీడియా కిలోల లెక్కన వాటిలో చేరుతుంది. ప్రైమర్ కొట్టేటప్పుడు గన్ గాలికి అదే బయటికి ఎగిరి తడి రంగు మీద పడుతుంది. మిగిలింది లోపలే ఉండి చెమ్మ పట్టి, లోపల్నుంచి తింటుంది. కాబట్టి ప్రైమర్‌కు ముందు బాడీని ఇటూ అటూ వంచి, రబ్బరు సుత్తితో తట్టుతూ, గాలి కొట్టి, వ్యాక్యూమ్ పెట్టి, ఏమీ రాలడం లేదనేదాకా తీయాలి. కింద ఉండే నీరు పోయే రంధ్రాలు పుట్టీతో పూడిపోయాయేమో చూసుకోవాలి. పైరంగు అంతా అయ్యాక పొడుగు నాజిల్‌తో ఆ పెట్టెల్లోకి క్యావిటీ వ్యాక్స్ (లోపల తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టించండి. కొటేషన్‌లో ఈ లైను లేకపోతే అడిగి రాయించుకోండి.