రొయ్య స్ట్రెస్‌లో ఉంది

తెల్లవారుజామున మూడున్నరకు బావ నన్ను తట్టి లేపాడు. నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, ఇందుకూరుపేట దాటాక ఉంటాయి ఆయన చెరువులు. ఆ రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ మొరాయించింది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయి. టార్చి కొట్టి చూస్తే గట్టు వారగా నీళ్ల మీద ఎర్రటి చుక్కలు జంటలు జంటలుగా మెరుస్తున్నాయి. అవన్నీ రొయ్యల కళ్లు.

"రొయ్య తేలింది. ఇంకో అరగంట ఇట్టాగే ఉంటే ఒక్కటీ మిగలదు" అన్నాడు బావ.

పగలు ఎండలో నీటిలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రయితే అదే నాచు, అడుగున కుళ్లే మేత, రొయ్యలు, అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. అందుకే తెల్లవారే ముందు నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. అడుగున తిరిగే రొయ్య అప్పుడు ఊపిరి కోసం పైకొస్తుంది. ఎలాగో జనరేటర్ అందుకుంది. ఏరియేటర్లు తిరిగిన కాసేపటికి ఆ ఎర్ర చుక్కలు ఒక్కొక్కటే లోపలికి దిగిపోయాయి. బావ గట్టు మీద కూలబడి, "పాపం, ఊపిరాడక అల్లాడిపోయినయ్యి" అన్నాడు.

ఆ 'పాపం' అన్న మాట నన్ను వదల్లేదు. రొయ్యల రైతుల మాటలు వింటే మీకూ తెలుస్తుంది. "రొయ్య స్ట్రెస్‌లో ఉంది", "మేత మీద మనసు లేదు", "ఈ రోజు హుషారుగా తిరగతన్నయ్యి". మేత తిన్నాయో లేదో చూడటానికి నీళ్లలో దించే చెక్ ట్రే పైకి లాగి, మీసం ఎర్రబడిందా, తోక విరుచుకుంటోందా, పేగు నిండుగా ఉందా అని రోజూ చూస్తారు. నూరు రోజుల పాటు ఒక ప్రాణి సుఖదుఃఖాలను ఇంత శ్రద్ధగా చదివేవాళ్లను నేను వేరే చోట చూడలేదు.

నలభై రోజుల తర్వాత అదే చెరువులో పట్టుబడి. వల లాగారు, క్రేట్లలో పోశారు, కాటా పెట్టారు. కాటా దగ్గర వరస పెరిగింది. క్రేట్లలో రొయ్యలు ఒకదాని మీద ఒకటి పడి తోకలు కొడుతున్నాయి. పైనున్నవి ఎగిరి నేల మీద పడుతున్నాయి, అడుగున ఉన్నవి బరువుకు నలుగుతున్నాయి. ఐసు లారీ దగ్గర ఉంది. క్రేటు అక్కడికి చేరేదాకా వాటి గొడవ ఎవరికీ పట్టలేదు. ఎవరూ 'పాపం' అనలేదు. నేనూ అనలేదు. ఆ రాత్రి మా అక్క చేసిన వేపుడు తిన్నాను. ఇప్పటికీ తింటాను. తినడం తప్పా ఒప్పా అన్నది పెద్ద ప్రశ్నే, నేను దాన్ని తేల్చుకోలేదు. దానికంటే ముందు జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. నూరు రోజులు చూసిన కంటితో ఆ చివరి గంట ఎందుకు చూడం?

ఆ రోజు పట్టింది 4 టన్నులు, 50 కౌంట్. కౌంట్ అంటే కిలోకు ఎన్ని తూగుతాయో ఆ లెక్క. అంటే 2 లక్షల ప్రాణాలు. ఒక పొట్టేలును కోస్తే 15 కిలోల మాంసం వచ్చిందనుకుందాం. అంత బరువు రొయ్యలు కావాలంటే 750 చావాలి. వ్యాపారంలో రొయ్యను టన్నుల్లోనే చెబుతారు కాబట్టి ఈ సంఖ్య ఎవరి కంటా పడదు.

ఏ ప్రాణి బాధ మనకు బాధగా కనిపిస్తుందన్నది చాలావరకు మనం పుట్టిన ఊరు నేర్పేదే. ఒంగోలు గిత్తనే చూడండి. ప్రకాశం జిల్లాలో దాని మూపురానికి పసుపు రాసి బండలాగుడు పందేల్లో ఊరంతా చూసి మురుస్తాం. అదే జాతి పందొమ్మిదో శతాబ్దం నుంచి ఓడలెక్కి బ్రెజిల్ చేరి, 'నెలోర్' అన్న మన ఊరి పేరుతోనే అక్కడి మాంసపు పశువుల్లో అత్యధిక భాగం అయ్యింది. రక్తం ఒకటే, నరాలు ఒకటే. ఒకచోట పూజ, ఒకచోట కబేళా. కాబట్టి బాధను కొలవాలంటే మన ఆచారాన్ని కాస్త పక్కన పెట్టి ఆ ప్రాణి ఒంట్లోకే చూడాలి.

అక్కడ సైన్సు ఒక తేడా చెబుతుంది. వేడి తగిలితే చెయ్యి వెనక్కి లాగేయడం ఒకటి, ఆ మంటను అనుభవించడం ఇంకొకటి. మొదటిదానికి నరాల తీగ చాలు, రెండోదానికి లోపల అనుభవించేది ఏదో ఉండాలి. మాట్లాడలేని ప్రాణిలో రెండోది ఉందో లేదో ఎలా కనిపెడతాం?

2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషం, ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి చూసింది. చేపలు పెదవిని తొట్టి అడుగున ఉన్న గులకరాళ్లకు రుద్దుకున్నాయి, ఊపిరి వేగం పెరిగింది, చాలాసేపు మేత ముట్టలేదు. మార్ఫిన్ ఇస్తే ఆ లక్షణాలు తగ్గాయి. బెల్‌ఫాస్ట్‌లో రాబర్ట్ ఎల్‌వుడ్ ఇదే ప్రశ్నను రొయ్యల దగ్గరకు తెచ్చాడు. ఒక మీసానికి ఆమ్లం రాస్తే, రొయ్య ఆ మీసాన్నే పదేపదే తుడుచుకుంది, తొట్టి గోడకు రుద్దింది. ముందే మత్తుమందు రాస్తే ఆ పని తగ్గింది. ఆయన సన్యాసి పీతల మీద చేసిన ప్రయోగం ఇంకా ఆలోచింపజేస్తుంది. ఇవి ఖాళీ గుల్లలో దూరి బతుకుతాయి. చిన్న కరెంటు షాకిస్తే, నచ్చని గుల్లలో ఉన్నవి వదిలి పారిపోయాయి. ఇష్టమైన గుల్లలో ఉన్నవి ఓర్చుకుని ఎక్కువగా అందులోనే ఉండిపోయాయి. నరం లాగితే కదిలే యంత్రమైతే ఇల్లు మంచిదా కాదా అని బేరం వేసుకోదు కదా.

ఎదురు సాక్ష్యమూ ఉంది, దాన్ని దాచకూడదు. 2010లో అమెరికాలో పరిశోధకులు రొయ్య లాంటి మూడు జాతుల మీద ఆమ్లం, క్షారం ప్రయోగించి చూస్తే ఏమంత స్పందన కనిపించలేదు. అందులో ఒకటి, ఇప్పుడు మన చెరువుల్లో పెంచే వెనామీ రకానికి దగ్గరి చుట్టమైన తెల్లరొయ్య. 2021లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ బృందం మూడు వందలకు పైగా పరిశోధనలను జల్లెడపట్టింది. పీతల విషయంలో సాక్ష్యం బలంగా ఉందని, వెనామీ కుటుంబం మీద పరిశోధనలే తక్కువని తేల్చింది. అయినా అనుమానం ఉన్నచోట ప్రాణి వైపే మొగ్గాలని సలహా ఇచ్చింది. 2022లో బ్రిటన్ చట్టం రొయ్యలు, పీతలు, అష్టపాదులను అనుభూతి గల జీవులుగా గుర్తించింది. ప్రపంచంలో ఎక్కువగా పెంచే రొయ్య మీదే ఈ పరిశోధన తక్కువగా జరగడం నాకు బాధగా ఉంది.

మనకూ చట్టం ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం జంతువు అంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా సరే. ఆహారం కోసం చంపడాన్ని అది తప్పుపట్టదు, కానీ ఆ చంపడంలో అనవసరమైన బాధ ఉండకూడదంటుంది. 'అనవసరమైన' అన్న ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఆలోచిస్తే చాలా సంగతులు పైకొస్తాయి.

అన్నిటికన్నా ముందు హేచరీ, అంటే రొయ్య పిల్లలను పుట్టించే చోటు. ఒకసారి నేను చూశాను. తల్లి రొయ్యను తొట్టిలోంచి తీసి తడిగుడ్డలో పట్టుకున్నారు. కాల్చిన పటకారుతో ఒక కంటి కాడను నొక్కి తెంపారు. తోక రెండుసార్లు ముడుచుకుని విచ్చుకుంది. తిరిగి నీళ్లలో వదిలితే అది ఒక పక్కకే తిరిగింది. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు, తర్వాతి దాన్ని తీశారు. ఇలా ఎందుకంటే, రొయ్య కంటి కాడలో గుడ్లు ఎదగకుండా ఆపే హార్మోను తయారయ్యే గ్రంథి ఉంటుంది. సముద్రంలో పరిస్థితులు అనుకూలించినప్పుడు ఆ హార్మోను తగ్గి గుడ్లు పండుతాయి. తొట్టిలో అంత కాలం ఆగే ఓపిక మనకు లేదు. ఒక కన్ను తీసేస్తే ఆ అడ్డు సగం తొలిగి కొద్ది రోజుల్లోనే గుడ్లకు వస్తుంది. మన మంచినీటి నీలకంఠ రొయ్యకు చుట్టమైన ఒక జాతి మీద మెక్సికోలో చేసిన పరిశోధనలో, మత్తు రాసి కన్ను తీస్తే తోక కొట్టుకోవడం, గాయాన్ని రుద్దుకోవడం తగ్గాయని తేలింది.

మరి కన్ను తీయకపోతే వ్యాపారం సాగదా? ఈ మధ్య పరిశోధనలు రైతు చెవిన పడాల్సిన మాటే చెబుతున్నాయి. కన్ను తీయని తల్లులకు పుట్టిన వెనామీ పిల్లలు తెల్లమచ్చ వైరస్‌ను, విబ్రియో బాక్టీరియాను ఎక్కువగా తట్టుకున్నాయని 2021లో స్టిర్లింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. తొంభైల నడుమ, అప్పట్లో పెంచిన టైగర్ రొయ్యను తెల్లమచ్చ తుడిచిపెట్టిన రోజులు మా వైపు ఇంకా మరిచిపోలేదు. చెరువులు ఎండబెట్టి, అప్పులు తీర్చలేక ఊళ్లు వదిలిన ఇళ్లు నాకు తెలుసు. 2009లో వెనామీ వచ్చాకే మళ్లీ తేరుకున్నారు. సీడ్ (చెరువులో వదిలే రొయ్య పిల్లలు) కొనేటప్పుడు "ఇది కన్ను తీయని తల్లుల సీడేనా?" అని పదిమంది రైతులు అడిగితే హేచరీలు వినక తప్పదు.

ఇక పట్టుబడి. కొన్ని దేశాల్లో కరెంటు షాక్‌తో క్షణాల్లో రొయ్య స్పృహ పోగొట్టే యంత్రాలు వచ్చాయి. అవి మన గట్ల మీదికి ఎప్పుడొస్తాయో గానీ, ఐసు కలిపిన నీళ్లు మన చేతిలో పనే. పొడి క్రేటులో పోసి పైన ఐసు చల్లితే అడుగునున్నవి చాలాసేపు కొట్టుకుంటాయి. సగం ఐసు, సగం నీళ్లు కలిపి ముందే సిద్ధంగా ఉంచిన తొట్టిలో వేస్తే అన్ని వైపుల నుంచీ చలి తగిలి చాలా త్వరగా కదలిక ఆగిపోతుంది. చల్లబడ్డాక లోపల బాధ కూడా అంతే త్వరగా ఆగుతుందా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. అయినా ఊపిరాడక, నలిగి చావడం కంటే ఇది ఎంతో మేలు. పైగా సరుకు తాజాగా ఉంటుంది, మెత్తబడదు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఇదంతా బావతో చెప్పాను. సన్యాసి పీతల సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. నచ్చిన గుల్ల కోసం నొప్పి ఓర్చుకున్నాయన్న చోట ఏమీ అనకుండా చెరువు వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత లెక్కలోకి దిగాడు. ఐసు ఎన్ని బ్లాకులు, తొట్లు ఎన్ని, నీళ్లకు మోటారు ఎక్కడ పెట్టాలి, కాటా వరస ఎట్టా తగ్గించాలి.

"ఐసు ఎటూ కొనేదే కదా" అన్నాడు చివరికి. "వల దిగే ముందే కలిపి పెడితే సరిపోతది. ఈసారి లారీని గట్టు మీదికే రమ్మందాం."